చెప్పులు విప్పి నడిచేవారి కోసం ఒక పాదం

వాడేవారి అవసరాన్ని, తయారీ ఖర్చును రెండు వేర్వేరు లెక్కలుగా చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది ఎంత పొరపాటో జైపూర్ పాదం అనే కృత్రిమ పాదం గురించి చదివిన ప్రతిసారీ నాకు స్పష్టమవుతుంది. 1960లలో దొరికిన విదేశీ నమూనా కృత్రిమ పాదం బూటు తొడుక్కొని కుర్చీలో కూర్చొనే జీవితానికి తగినది. లోపల చీలమండ నుంచి వేళ్ల మొదలు దాకా గట్టి చెక్క ఉండటంతో అది చీలమండ దగ్గర వంగేది కాదు. గొంతుక్కూర్చోవడానికి, బాసింపట్టు వేసుకోవడానికి, బురద మడిలో దిగడానికి పనికొచ్చేది కాదు.

చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి 1968 ప్రాంతంలో జైపూర్‌లో రూపొందించిన పాదం సరిగ్గా ఈ పనుల నుంచే మొదలైంది. మడమకు, ముందు భాగానికి మెత్తని రబ్బరు దిమ్మెలు, చీలమండకు మాత్రం పొట్టి చెక్క ముక్క పెట్టి, చుట్టూ రబ్బరు పొర చుట్టి, అచ్చులో ఉడికిస్తారు. టైర్ల పనివారికి తెలిసిన పద్ధతే ఇది. వేళ్లతో సహా అసలు పాదంలా కనిపిస్తుంది, నీటికి చెడదు, బూటు అక్కర్లేదు. నన్ను అమితంగా ఆకట్టుకునేది ఇదే: బూటు అవసరాన్ని తీసేయడం వాడేవారికి సౌకర్యమే కాదు, వారి జేబుకు ఆదా కూడా.

తర్వాతి కాలంలో కాలి భాగానికి అల్యూమినియం బదులు నీటి పైపులకు వాడే రకం ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. వేడిచేసి కొలతకు తగ్గట్టు త్వరగా మలచవచ్చు కనుక, దూరప్రాంతాల నుంచి వచ్చినవారు బసకు, కూలి నష్టానికి పెట్టే ఖర్చు కూడా తగ్గింది.