తాతయ్య దాచిన మొదటి కాపురం

సరదాకి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టులో వచ్చిన బంధువుల జాబితాలో అన్నిటికన్నా పైన ముక్కూమొహం తెలియని ఓ పేరు. ఆమెకీ నాకూ 6 శాతం పైచిలుకు కలిసింది.

ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని చుట్టరికం తేల్చలేం. సొంత మేనత్త పిల్లలతోనో బాబాయి పిల్లలతోనో అయితే సగటున 12.5 శాతం కలుస్తుంది. అందులో సగమే అంటే ఆమె మా అమ్మకో నాన్నకో కజిన్ కావచ్చు. లేదా తాత ఒకరే అయి, నానమ్మలు వేరైన మనవరాలు కావచ్చు. రెండోది నాకు తట్టనే లేదు. తాతయ్య అంతటి నిష్ఠాపరుడు మరి!

అమ్మ మారుమాట్లాడకుండా లాలాజలం నమూనా ఇచ్చింది. ఆమెతో అమ్మకి ఏమీ కలవలేదు. అంటే నాన్న వైపే. నాన్నేమో "పోయినవాళ్ల గుట్టు మనకెందుకు?" అని లేచి వెళ్లిపోయారు.

ఆవిడకే రాశాను. "మీ అమ్మగారి, నాన్నగారి వివరాలు చెప్పగలరా?" అని ఒక్క ముక్క, అంతే. ఇలాంటి చోట మన అనుమానాలన్నీ మొదటి ఉత్తరంలోనే కుమ్మరిస్తే అవతలివాళ్లు బెదిరిపోతారు. జవాబుగా ఓ పాత ఉత్తరం ఫొటో వచ్చింది. సంతకం కింద గీత, గీత చివర రెండు చుక్కలు. మా ఇంట్లో తాతయ్య పద్దుల పుస్తకం నిండా అదే సంతకం. "పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగారందులో. ఆ పాప వాళ్లమ్మే. తాతయ్యకి నానమ్మతో పెళ్లి కాకముందు పుట్టింది. ఆ కాపురం ఎందుకు చెదిరిందో మాత్రం ఎక్కడా లేదు.

ఉత్తరం చూసి నాన్న చాలాసేపటికి "అయితే ఆవిడ నాకన్నా పెద్దదా?" అన్నారు. తర్వాత తనే నమూనా ఇచ్చారు. దాదాపు 12 శాతం కలిసింది. కజిన్‌కైనా అదే లెక్క వస్తుంది గానీ, ఉత్తరం చేతిలో ఉండగా ఆ వాదన నిలవదు. తల్లి వేరైన అక్క కూతురే.

మన ముగ్గురి మధ్యే ఉంచుదామన్నారు నాన్న. కుదరదన్నాను. రేపు బాబాయి పిల్లల్లో ఎవరు పరీక్ష చేయించుకున్నా ఇదే పేరు పైకొస్తుంది. బాబాయి తేలిగ్గానే తీసుకున్నాడు. అత్తయ్యే, "ఇంటికి పెద్దకూతుర్ని నేనే అనుకుంటూ బతికాను కదరా!" అంది. నాన్న ఇప్పుడు కొత్తగా తెలిసిన ఆ అక్కతో ఫోన్లో మాట్లాడుతున్నారు. అత్తయ్య ఉన్నప్పుడు మాత్రం ఎవరం ఆ ఊసెత్తం.