బీరువాలో మొగలి, బకెట్లో నిమ్మగడ్డి

ఆదివారం, బరంపురం. పొద్దున్నుంచీ ముసురు వదల్లేదు. శ్రావణంలో మా ఇంటి చెక్క బీరువా తలుపు తీస్తే చాలు, బూజు వాసన గుప్పుమంటుంది. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టిన చీరలు కూడా అదే వాసన. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి ఎంతో దూరం కాదు కాబట్టి గాలిలో తేమ గురించి గింజుకుని లాభం లేదు. వంట తొందరగా ముగించి బీరువా ఖాళీ చేయడం మొదలుపెట్టాను.

కూరలకి వెళ్ళిన మా ఆయన సంచిలో మొగలిపువ్వు ఒకటి పెట్టుకొచ్చారు. సంచి గుమ్మం దాటిందో లేదో అత్తయ్య మంచం మీంచే "మొగలి తెచ్చావా అబ్బాయ్" అని అడిగారు. ఆవిడకి కళ్ళు సరిగా కనిపించవుగానీ ముక్కు మాత్రం భలే పనిచేస్తుంది. రేపు సోమవారం, దేవుడి గూట్లో మాత్రం పెట్టొద్దు అని ముందే హెచ్చరిక. మొగలి శివుడికి పనికిరాదు కదా. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టి, కత్తెరతో రేకుల అంచుల్లో ముళ్ళు తీయించి, లోపలి కంకి దులిపించారు, పుప్పొడి రాలితే పట్టు మీద మరక పడుతుందట. ఒక్కో రేకునీ పాత పంచె ముక్కలో చుట్టి చీరల మడతల మధ్య పెట్టాం. పువ్వు ఎండిపోయినా గుడ్డకి వాసన చాలా రోజులే ఉంటుంది.

ఈ వాసన మగ చెట్టు పువ్వుదే. ఆడ చెట్టుకి అనాసలాంటి కాయ కాస్తుంది, పువ్వుకి ఇంత పరిమళం ఉండదు. మన గంజాం జిల్లా తీరంలో, ఛత్రపురం, రంగైలుండా వైపు, వానాకాలంలో ఈ పువ్వంతా అత్తరు బట్టీలకి పోతుంది. పొద్దు పొడవకముందే కోసి, వాసన పోకుండా ఆ రోజే బట్టీకి ఎక్కించేస్తారు. డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్ళూ పువ్వులూ వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే పాత్రలోకి దిగి చల్లబడుతుంది. భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచితే పువ్వు వాసన దాన్ని పట్టుకుంటుంది, అది అత్తరు. పూల నూనె ఒక్కటే తీస్తే రూహ్, గంజాం కేవడా (మొగలి) రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గంధం నూనె ధర మండిపోతోంది కాబట్టి ఇప్పుడు పారాఫిన్ నూనెలో పట్టిన అత్తరు కూడా బోలెడు దొరుకుతుంది. అందుకే చవగ్గా వచ్చింది అంటే నేను కాస్త అనుమానంగానే చూస్తాను. రూహ్ ధర మా ఆయన చెబితే అత్తయ్య నవ్వి, "ఆ డబ్బుతో ఎన్ని పువ్వులొస్తాయో లెక్కెయ్" అన్నారు. చీరల వరకూ ఆవిడ మాటే కరెక్ట్.

గచ్చుకి మాత్రం నిమ్మగడ్డి నూనె. జయపురంలో ఉండే మా మరిది కిందటిసారి వచ్చినప్పుడు చిన్న సీసా ఇచ్చి వెళ్ళాడు. నూనె నీళ్ళలో కలవదు, బకెట్లో నేరుగా పోస్తే పైన తేలి ఒకచోటే జిడ్డుగా పడుతుంది. ముందు చెంచాడు లిక్విడ్ సబ్బులో నాలుగైదు చుక్కలు కలిపి, తర్వాత నీళ్ళు పోసి తుడిస్తే ఇల్లంతా సమానంగా వాసనొస్తుంది. గాజు సీసాలోనే ఉంచాలి, ఇలాంటి ఘాటు నూనెలకి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. క్రిములన్నీ చస్తాయని ఎవరెంత చెప్పినా, బాత్రూంకి మాత్రం నేను ఫినాయిలే వాడతాను. నిమ్మగడ్డి వాసనకి మనసు తేలికవుతుంది, అంతవరకూ ఒప్పుకుంటాను. ఇల్లు తుడిచాక టీ తాగుతూ కూర్చుంటే ఎంత హాయిగా ఉందో.

ఆ హాయి పదినిమిషాలే. మా ఆడపడుచు కూతురు ఎనిమిది నెలల పాపని తీసుకుని వచ్చింది, పాపకి జలుబు, ముక్కు దిబ్బడ. అత్తయ్య వెంటనే కొబ్బరినూనె వేడిచేసి రెండు కర్పూరం బిళ్ళలు వెయ్యమన్నారు, గుండెకి రాస్తే తగ్గిపోతుందని. పైగా రుమాలు మీద నీలగిరి తైలం చల్లి ముక్కు దగ్గర పెట్టమని.

"అత్తయ్యా, వద్దండీ. రెండేళ్ళు నిండని పిల్లలకి కర్పూరం రాయకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది."

"మీ ఆయనకి రాయలేదా? వాడికేమైంది?"

దానికి నా దగ్గర జవాబేముంటుంది. ఆయనకేమీ కాలేదు నిజమే, కానీ ఈ పాపకి ఏమైనా అయితే రాత్రివేళ పరుగెత్తాల్సింది మనమే. నీలగిరి తైలం కూడా పసివాళ్ళ ముక్కు దగ్గర పెడితే ఊపిరికి ఇబ్బంది కావచ్చు, ఇక మింగితే చెంచాడు చాలు ప్రాణం మీదికి రావడానికి. ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. అత్తయ్య మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. పిల్ల బిక్కమొహం వేసుకుని "అత్తా, మరి ఏం చేద్దాం" అంది. డాక్టరు ఇచ్చిన ఉప్పునీటి చుక్కలు దాని బ్యాగులోనే ఉన్నాయి! అవి వేసి, తుడిచి, పాలు పట్టాక పాప కుదుటపడింది. ఉత్త కొబ్బరినూనె గిన్నె అత్తయ్య చేతికి ఇచ్చి పాప కాళ్ళకి రాయమన్నాను, అప్పటికి ఆవిడ కోపం దిగింది. సీసాలన్నీ అటక మీదికి ఎక్కించేశాను, పాప ఇప్పుడు దోగాడుతోంది, ఏది దొరికితే అది నోట్లోకే.

అలాగని నీలగిరి తైలం మీద నాకు పగేం లేదు. అత్తయ్య మోకాళ్ళకి నేనే రాస్తాను, కాకపోతే ఉత్తగా కాదు, 30 మిల్లీలీటర్ల నువ్వులనూనెలో 12 చుక్కలు, అంటే సుమారు 2 శాతం. చుర్రుమని చల్లగా తగిలితే నొప్పి కాసేపు మరిచిపోతారు. అరిగిన కీలు దానివల్ల బాగవుతుందని ఆవిడే అనుకోరు. పక్కింటి మౌసీకి పిల్లి ఉంది, ఆవిడ టీ ట్రీ నూనె కొంటానంటే మాత్రం వద్దన్నాను, అది పిల్లులకి విషం.

మా వాడు లావెండర్ వాసన పీలిస్తే పరీక్షల టెన్షన్ తగ్గుతుందని గదిలో వాసన వెదజల్లే డిఫ్యూజర్ కొనమంటున్నాడు. ఫోన్ పక్కన పెట్టి పదింటికి పడుకో, నెల తర్వాత చూద్దాం అన్నాను.

సాయంత్రం వాన తగ్గగానే దోమలు. గుమ్మం దగ్గర నిమ్మగడ్డి నూనె పెట్టాను, కాసేపు కొంచెం తగ్గినట్టే అనిపించింది, నూనె ఆవిరైపోగానే మళ్ళీ మొదలు. డెంగ్యూ రోజుల్లో పసిపిల్లని పెట్టుకుని దాన్ని నమ్ముకోలేం. తల్లీపిల్లలకి దోమతెర కట్టేశాను. ఒక మూల చిరిగింది, ఈ రాత్రికి పిన్నీసులు పెట్టి సరిపెట్టాను, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొత్తది కొనాలి.