ఐదు శాతం అంటే దేంట్లో ఐదు?

నేను జడ్చర్ల దగ్గర ఒక మూలికల కంపెనీ ల్యాబులో క్వాలిటీ పని చేస్తాను. ఈమధ్య చుట్టాలింటికి పోతే చాలు, అశ్వగంధ సారం డబ్బా తెచ్చి ముందర పెడుతున్నారు. ఒకదాని మీద విథనోలైడ్లు (అశ్వగంధ గుణమంతా వీటిదేనని చెప్పే పదార్థాలు) 5 శాతం, ఇంకోదాని మీద రెండున్నర. "ఐదుదే మంచిది గద బిడ్డా?" అంది మా చిన్నమ్మ. ఎట్లా కొలిచారో రాయకుంటే చెప్పలేమంటే, "గంత సదువు సదివి గిదేం ముచ్చట" అని నవ్వింది.

ముచ్చట ఇదీ. తూకం పద్ధతిలో సారాన్ని ద్రావకాలతో శుద్ధి చేసుకుంటూ పోయి, చివర మిగిలింది ఆరబెట్టి తూస్తారు. విథనోలైడ్లతో పాటు అంటుకొచ్చినవన్నీ లెక్కలో కలుస్తాయి. పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌లో అయితే 227 నానోమీటర్ల యూవీ కాంతి దగ్గర ఒక్కో పదార్థానికి గ్రాఫు మీద ఒక్కో పీకు (శిఖరం) విడివిడిగా లేస్తుంది. దాన్ని స్వచ్ఛమైన స్టాండర్డ్‌తో (మోతాదు ముందే తెలిసిన నమూనాతో) పోల్చి లెక్క కడతాం. మొదటి పద్ధతిలో ఐదు వచ్చిన పొడికి రెండో దాంట్లో అందులో సగం కూడా రాకపోవచ్చు.

మిషన్‌తో నాకు పేచీ లేదు. భయమంతా వేర్లొచ్చే గోనెసంచి దగ్గరే. పైన లావు గడ్డలుంటాయి, అడుగున సన్న వేళ్లు, మన్ను, దుబ్బ. పైనుంచి పిడికెడు తీస్తే ఒక అంకె, అడుగునుంచి తీస్తే ఇంకోటి. అందుకే వేర్వేరు సంచుల్లోంచి తీసి, పొడి కొట్టి, కుప్ప పోసి నాలుగు పాళ్లు చేస్తాం. ఎదురెదురు రెండు పాళ్లు ఉంచుకొని మిగతావి పక్కకు తోస్తాం. ఆ రెండూ కలిపి మళ్లీ అదే పని. పరీక్షకు చాలినంత మిగిలేదాకా ఇదే వరస. చూసేవాళ్లకు పిల్లల మట్టి ఆటలా ఉంటుంది.

తేమ ఇంకో తిరకాసు. 12 శాతం తేమున్న పచ్చి సరుకు వేరులో విథనోలైడ్లు 0.30 శాతం వస్తే, తేమ తీసేసిన ఎండు లెక్కన అది 0.34. అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) వేరులో అడిగే కనీసం 0.3 శాతం కూడా ఎండు లెక్కే. రైతు దగ్గర కొనేవాళ్లకు ఇవేవీ పట్టవు. గడ్డ విరిస్తే టప్పున విరగాలి, లోపల తెల్లగా ఉండాలి. ఆ తెలుపు పిండిపదార్థం. విథనోలైడ్లు కంటికి ఆనవు. ధర మాత్రం తెలుపుకే.

ఇక ఆకు కలిపేవాళ్ల సంగతి. ఆకు చవక, దాంట్లో విథాఫెరిన్-ఎ అనే విథనోలైడ్ దండిగా ఉంటుంది. వేరు పొడిలో ఇంత కలిపితే శాతం దానంతటదే లేస్తుంది. ఆకు వాడొద్దని 2021 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పింది కూడా. పట్టుకోవడానికి ఒక దారుంది: ఆకులో ఉండే కెంఫెరాల్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు వేరులో దాదాపు ఉండవు. మొన్న ఒక సరుకులో విథాఫెరిన్-ఎ పీకు మామూలు కంటే చాలా ఎత్తు లేచింది. అనుమానమొచ్చి పదార్థాలు గీతలుగా విడిపోయే ప్లేటు మీద పరీక్షిస్తే కెంఫెరాల్ గ్లైకోసైడ్ల గీత కనబడింది. సరుకు తిప్పి పంపాం.

దళారి ఫోన్‌లో గట్టిగానే అడిగాడు: "శాతం ఎక్కువనే వచ్చింది గద సార్, ఇంకేం గావాలె మీకు?"