బ్లూటూత్ ప్రకటనలు: ముందు పలకరించవలసింది ఎవరు?

బ్లూటూత్ ద్వారా మొబైల్ ఫోన్లకు ప్రకటనలు పంపడం గురించి మాట వచ్చినప్పుడు, అది ఒకప్పుడు వచ్చి విఫలమైన సాంకేతికత అని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. నా అభిప్రాయం వేరు. అందులోని రేడియో తన పని తాను సక్రమంగానే చేసింది. తేడా వచ్చింది మొదటి మాట ఎవరు మాట్లాడాలన్న దగ్గర. దుకాణం ముందుగా పలకరించాలా, మనిషి ముందుగా అడగాలా అన్న ప్రశ్నకు ప్రకటనకర్తలు ఒక జవాబు ఇచ్చారు, ఫోన్ తయారీదారులు మరొక జవాబు ఇచ్చారు. ఈ రెండు జవాబుల మధ్య ఘర్షణే ఈ మాధ్యమం చరిత్ర అని నేను అనుకుంటున్నాను.

బ్లూటూత్‌ను రూపొందించినవారి ఆలోచనలో ప్రకటనలు లేవు. 1994లో ఎరిక్సన్ ఇంజినీర్లు ఈ పని మొదలుపెట్టినప్పుడు గానీ, 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా సంస్థలు కలిసి దీనికోసం ఒక ఉమ్మడి బృందాన్ని ఏర్పాటు చేసినప్పుడు గానీ, పరికరాల మధ్య వైర్లు లేకుండా చేయడమే లక్ష్యం. అయితే ప్రకటనకర్తలకు అక్కరకొచ్చే గుణాలు రెండు అందులో ఉన్నాయి. అది పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ప్రపంచంలో దాదాపు ఎక్కడా లైసెన్సు అక్కర్లేదు. పైగా ఎస్సెమ్మెస్ పంపాలంటే అవతలివారి నంబరు తెలియాలి, మధ్యలో ఆపరేటర్ ఉండాలి, ప్రతి సందేశానికీ రుసుము కట్టాలి. బ్లూటూత్‌కు ఇవేవీ అవసరం లేదు. ఒక ట్రాన్స్‌మీటర్ కొని గోడకు బిగిస్తే, ఆ తరువాత ఎన్ని ఫోన్లకు పంపినా అదనపు ఖర్చు ఉండదు. తరువాత వచ్చిన చిక్కులకు మూలం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఒక్కో సందేశానికి డబ్బు పెట్టవలసి వచ్చినప్పుడు ఎవరికి పంపాలో పంపేవారు ఆలోచిస్తారు, డబ్బు పెట్టనవసరం లేనప్పుడు అందరికీ పంపుతారు.

2000ల మధ్యకాలంలో ఈ ప్రకటనలు ఎలా పనిచేసేవో కొంచెం దగ్గరగా చూడాలి. ట్రాన్స్‌మీటర్ ముందుగా చుట్టుపక్కల ఏ ఫోన్లు ఇతరులకు కనిపించే స్థితిలో ఉన్నాయో వెతుకుతుంది. దొరికిన ప్రతి ఫోన్ 48 బిట్ల చిరునామాను తీసుకుని, ఒక్కోదానికి అనుసంధానమై, ఫైళ్లు నెట్టే పద్ధతిలో ఒక చిత్రాన్నో, చిన్న వీడియోనో, కూపన్‌నో పంపడానికి ప్రయత్నిస్తుంది. విజిటింగ్ కార్డులు మార్చుకోవడానికి ఏర్పాటైన పద్ధతి అది. అందువల్ల పెయిరింగ్, అంటే రెండు పరికరాలను ముందుగా జతపరచడం, అవసరం లేదు. ఫోన్ తెరమీద మాత్రం ఒక ప్రశ్న కనిపిస్తుంది: ఫలానా పేరుగల పరికరం నుంచి బ్లూటూత్ ద్వారా సందేశం వస్తోంది, స్వీకరించాలా? కింద అవును, కాదు అనే రెండు మీటలు. ఆ ప్రశ్నలో కనిపించే పరికరం పేరు పంపేవారు తమకు నచ్చినట్టు పెట్టుకోగలిగినది. కనుక దుకాణం పేరునో, తగ్గింపు సంగతినో పరికరం పేరుగా పెడితే, అనుమతి అడిగే ప్రశ్నే ప్రకటనగా మారుతుంది. కాదు అని నొక్కినవారు కూడా ఆ ప్రకటనను అప్పటికే చదివేసి ఉంటారు. అనుమతి అడుగుతున్నాం కదా అని సమర్థించుకున్నవారికి నా ప్రధానమైన అభ్యంతరం ఇదే: అనుమతి అడగడమే చొరబాటు అయినప్పుడు ఆ అడగడానికి విలువ ఉండదు.

సాంకేతికంగా కూడా ఇది అనుకున్నంత సులువు కాదు. నాటి ఫోన్లలో ఉన్న రెండో తరగతి రేడియో శక్తి 2.5 మిల్లీవాట్లు, పరిధి సుమారు 10 మీటర్లు. గోడకు బిగించిన ట్రాన్స్‌మీటర్ 100 మిల్లీవాట్ల మొదటి తరగతిది అయినా, ఫోన్ ఇచ్చే బలహీనమైన జవాబు దానికి వినిపించాలి కాబట్టి ఆచరణలో పరిధి పెద్దగా పెరగదు. ట్రాన్స్‌మీటర్ పక్కగా నడిచి వెళ్లే మనిషి ఆ 20 మీటర్ల వ్యాసంగల వృత్తాన్ని పావు నిమిషంలో దాటేస్తాడు. చుట్టూ ఉన్న పరికరాలను పూర్తిగా వెతకడానికే బ్లూటూత్ ప్రమాణం ప్రకారం 10.24 సెకన్లు పడుతుంది. ఆపైన అనుసంధానం కావాలి, ఫోన్ మోగాలి, మనిషి దాన్ని జేబులోంచి తీసి, చదివి, మీట నొక్కాలి, అప్పుడు ఫైలు ప్రయాణం మొదలవ్వాలి. అప్పటికి ఆయన పరిధి దాటి ఉంటాడు. మరో పరిమితి ఏమిటంటే, ఒక రేడియో ఒకేసారి చురుకుగా మాట్లాడగలిగింది ఏడు పరికరాలతోనే. అందుకే నడిచే దారిలో ఈ ప్రకటనలు రాణించలేదు. మనుషులు కదలకుండా వేచి ఉండే చోట్ల, అంటే ప్లాట్‌ఫారాల మీద, సినిమా హాళ్ల ముందు, విమానాశ్రయాల్లోనే అవి పనిచేశాయి. ఎటూ వెళ్లలేని మనిషిని ఎంచుకుని పలకరించడం నాకు మరింత ఇబ్బందిగా అనిపించే విషయం.

వద్దన్నవారి సంగతి ఏమిటి? మర్యాదగల వ్యవస్థలు ఒకసారి వద్దన్న ఫోన్‌కు మళ్లీ పంపేవి కావు. కానీ మళ్లీ పంపకుండా ఉండాలంటే ఆ ఫోన్ 48 బిట్ల చిరునామాను ఎక్కడో రాసి పెట్టుకోవాలి. ఆ చిరునామా నాటి ఫోన్లలో మారేది కాదు. అంటే నాకు ఏమీ వద్దన్న మనిషి ఏ రోజు, ఏ వేళకు, ఏ చోట ఉన్నాడో ఆ వ్యవస్థలో నమోదై ఉంటుంది. తిరస్కారాన్ని గౌరవించడానికే తిరస్కరించినవారి జాడను దాచవలసి రావడం ఈ పద్ధతిలో మౌలికమైన లోపం. సాఫ్ట్‌వేర్‌ను ఎంత మెరుగుపరిచినా అది పోయేది కాదు.

ఇదే తలుపు గుండా వేరేవాళ్లు కూడా వచ్చారు. అపరిచితుల ఫోన్లకు విజిటింగ్ కార్డు రూపంలో సరదా సందేశాలు పంపే బ్లూజాకింగ్ 2000ల తొలినాళ్లలో వ్యాపించింది. 2004 జూన్‌లో సింబియన్ అనే ఆపరేటింగ్ వ్యవస్థతో నడిచే ఫోన్ల మీద కేబిర్ అనే వార్మ్, అంటే ఫోన్ నుంచి ఫోన్‌కు తనంతట తాను వ్యాపించే హానికర ప్రోగ్రామ్, బయటపడింది. అదీ బ్లూటూత్ ద్వారానే వచ్చేది, అదే స్వీకరించాలా అనే ప్రశ్న వేసేది, కాదంటే మళ్లీ మళ్లీ అడిగేది. విసిగిపోయి అవును నొక్కి, ఆపై వచ్చిన హెచ్చరికలను కూడా దాటినవారి ఫోన్‌లో అది చేరేది. తెలియని పరికరం అడిగితే అవును అనడం ప్రజలకు అలవాటు చేయాలని ప్రకటనకర్తలు, అలా ఎన్నడూ అనవద్దని భద్రతా నిపుణులు ఒకే కాలంలో ప్రయత్నించారు. ఆ రెండింటిలో ఏది గెలవాలన్న విషయంలో నాకు సందేహం లేదు.

చట్టం విషయానికి వస్తే, ఐరోపా సంఘం 2002లో తెచ్చిన ఎలక్ట్రానిక్ సమాచార గోప్యతా ఆదేశం, మార్కెటింగ్ ఈమెయిళ్లకూ ఎస్సెమ్మెస్‌లకూ సాధారణంగా ముందస్తు అంగీకారం ఉండాలంది. అయితే ఆ ఆదేశం ప్రజా సమాచార నెట్‌వర్కులలో అందే సేవలను దృష్టిలో పెట్టుకుని రాసినది. గోడమీది పెట్టె నుంచి నేరుగా ఫోన్‌లోకి దూకే సందేశం ఏ ఆపరేటర్ నెట్‌వర్కునూ తాకదు. దాంతో అది ఈ నియమాల కిందికి వస్తుందా రాదా అన్నది చర్చనీయాంశమైంది. చట్టం మార్గాన్ని బట్టి కాక, మనిషికి కలిగే ఇబ్బందిని బట్టి మాట్లాడి ఉంటే ఆ చర్చకు తావుండేది కాదు.

చివరికి ఈ పద్ధతిని ఆపింది చట్టం కాదు, ఫోన్లే. 2007లో వచ్చిన ఐఫోన్‌లో బ్లూటూత్ ద్వారా ఇతరులు ఫైలు నెట్టే సదుపాయమే లేదు. ఆండ్రాయిడ్‌లో ఆ సదుపాయం వచ్చినా, ఫోన్ ఇతరులకు కనిపించే స్థితి మామూలుగా 2 నిమిషాల్లో దానంతట అదే ముగిసిపోయేది. ఎవరికీ కనిపించని ఫోన్‌కు పంపడం ఎలా? గోడలమీది పెట్టెలు పనిలేనివయ్యాయి.

ఆ తరువాత బీకన్లు, అంటే బ్లూటూత్ ద్వారా తమ గుర్తింపు సంఖ్యను పదేపదే ప్రసారం చేసే చిన్న పరికరాలు, వచ్చాయి. వీటి గురించి నేటికీ పెద్ద అపోహ ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. 2010లో వెలువడిన బ్లూటూత్ 4.0 ప్రమాణంలో తక్కువ విద్యుత్తుతో పనిచేసే విధానం చేరింది. దాని ఆధారంగా యాపిల్ 2013లో ఐబీకన్‌ను ప్రవేశపెట్టి, అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోని తన దుకాణాల్లో అమలు చేసింది. బీకన్ మన ఫోన్‌కు కూపన్ పంపుతుందని చాలామంది అనుకుంటారు. అది పంపేది 30 బైట్ల ప్యాకెట్ మాత్రమే. మొదటి తొమ్మిది బైట్లు ఇది ఏ రకం ప్యాకెట్, ఏ సంస్థ పద్ధతిలో రాసినది అని చెప్పే గుర్తులు. తరువాతి పదహారు బైట్లు సంస్థకు సంబంధించిన గుర్తింపు సంఖ్య. ఆపై రెండేసి బైట్ల సంఖ్యలు రెండు. సాధారణంగా ఒకటి ఏ శాఖ అన్నదానికి, మరొకటి ఆ శాఖలో ఏ మూల అన్నదానికి వాడతారు. చివరి ఒక్క బైటు, మీటరు దూరంలో ఈ సంకేతం ఎంత బలంగా వినిపించాలో చెబుతుంది. దాన్ని బట్టి ఫోన్ తాను ఆనుకుని ఉందా, దగ్గరలో ఉందా, దూరంగా ఉందా అని అంచనా వేసుకుంటుంది. మనిషి శరీరం ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది గనుక ఫోన్ ముందు జేబులో ఉంటే ఒక అంచనా, వెనుక జేబులో ఉంటే మరొక అంచనా వస్తుంది. ఆ 30 బైట్లలో ప్రకటన ఒక్క అక్షరం కూడా లేదు. పైగా తన మాట ఎవరు విన్నారో బీకన్‌కు తెలియదు.

అయితే ప్రకటన చూపించేది ఎవరు? మనం మన చేతులతో ఫోన్‌లో వేసుకున్న యాప్. బీకన్ సంఖ్యను అది గుర్తుపట్టి, ఇంటర్నెట్ ద్వారా తన సర్వర్‌ను అడిగి, అక్కడి నుంచి వచ్చినదాన్ని నోటిఫికేషన్‌గా చూపిస్తుంది. కాగితం మీద ఇది ఎంతో గౌరవప్రదమైన ఏర్పాటు, ఎందుకంటే యాప్ వేసుకోవడం ద్వారా మొదటి మాట మనిషే మాట్లాడాడు. కాని ఆచరణలో ఆ యాప్‌ను మనిషి వేసుకున్నది బిల్లు కట్టడానికో, వాతావరణం చూడడానికో కావచ్చు. బీకన్లను వినే భాగం అందులో మరో సంస్థ రాసిన కోడ్‌గా కలిసి ఉండవచ్చు. బీకన్ మనల్ని చూడదు, నిజమే. చూసేది మన జేబులోని యాప్. 2014లో న్యూయార్క్ నగరంలోని వందలాది ఫోన్ బూత్‌లలో ఒక ప్రకటనల సంస్థ ప్రజలకు చెప్పకుండా బీకన్లు అమర్చిందని పత్రికల్లో వచ్చినప్పుడు, నగర యంత్రాంగం వాటిని తీయించింది. ఆ బీకన్లు వాటంతట అవి ఎవరి వివరాలనూ సేకరించలేవన్న వాదనలో సాంకేతికంగా తప్పు లేదు. అయినా చెప్పకుండా పెట్టడమే ప్రజలకు కోపం తెప్పించింది, ఆ కోపం సబబైనదే.

గూగుల్ ప్రయోగం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 2015లో వచ్చిన ఎడ్డీస్టోన్ అనే పద్ధతిలో బీకన్ నేరుగా ఒక వెబ్ చిరునామాను ప్రసారం చేయగలదు. ప్యాకెట్‌లో చోటు చాలదు కాబట్టి, చిరునామాల్లో తరచుగా వచ్చే మొదటి, చివరి భాగాలను ఒక్కొక్క బైటుకు కుదించారు. ఈ పద్ధతిలో దుకాణానికి యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనే ఆ చిరునామాను విని, దగ్గరలో ఇది ఉందని సూచించేది. మనిషి ముందుగా అడగాలన్న షరతు అలా మళ్లీ తొలగిపోయింది. ఫలితం ఊహించదగినదే. పనికిరాని, స్థలంతో సంబంధం లేని నోటిఫికేషన్లు పెరిగిపోతున్నాయని చెప్పి, 2018 డిసెంబరు 6 నుంచి గూగుల్ ఈ సేవను ఆపేసింది. రేడియో మారింది, ప్యాకెట్ మారింది, మధ్యలో పదేళ్లు గడిచాయి. గతి మాత్రం పాత పెట్టెలకు పట్టినదే పట్టింది.

దీనికి భిన్నంగా ఎన్‌ఎఫ్‌సీ, అంటే అతి దగ్గరి దూరంలో మాత్రమే పనిచేసే రేడియో పద్ధతి, ఉంది. 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ పద్ధతిలో ఫోన్‌ను పోస్టర్‌కు కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి తేవాలి. చెయ్యి చాచడమే అడగడం. వాణిజ్య విభాగాలవారికి ఇది నచ్చదని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి చాచేవారి సంఖ్య ఎప్పుడూ తక్కువే. కానీ ఆ కొద్దిమందీ నిజంగా ఆసక్తి ఉన్నవారు.

బీకన్లు పనికిరావని నేను అనడం లేదు. మ్యూజియంలో మార్గదర్శక యాప్‌ను తెరిచి పట్టుకున్న సందర్శకుడు ఒక శిల్పం ముందు ఆగినప్పుడు, ఆ శిల్పం గురించిన వివరం దానంతట అది తెరమీదికి రావడం చక్కని ఉపయోగం. చూపులేనివారికి పెద్ద స్టేషన్‌లో ఏ మెట్లు ఎటు వెళతాయో చెవిలో చెప్పే యాప్ అంతకన్నా విలువైనది. ఇటువంటివాటిలో చాలావరకు తెర వెలుగుతున్నంతసేపు లొకేషన్ తెలిస్తే సరిపోతుంది. కనుక ఒక యాప్ బ్లూటూత్, లొకేషన్ అనుమతులు కోరినప్పుడు, వాడుతున్నప్పుడు మాత్రమే అనే ఎంపికను నేను ఇస్తాను. ఎల్లవేళలా కావాలని పట్టుబట్టే యాప్ అందుకు స్పష్టమైన కారణం చూపకపోతే, అది ఎంత పెద్ద సంస్థదైనా నా ఫోన్‌లో ఉంచుకోను.