జెముడే కద సార్!

దేవరకొండ దగ్గర మా చెలక తూర్పు గట్టున నాగజెముడు పొద ఉంది. మా తాత కంచె కోసం నాటినది, నాకంటే పెద్దది. పోయిన నెల గట్టు మీద గడ్డి తీయమని మెషిన్ పట్టే అబ్బాయిని పిలిచి, నేను చాయ్ తాగొద్దామని ఊళ్లోకి పోయాను. తప్పు నాదే. వచ్చేసరికి సగం పొద ముక్కలై నేల మీద ఉంది. "జెముడే కద సార్, మళ్ల మొలుస్తది" అన్నాడు.

తిట్టే ఓపిక లేక ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. మనం ఆకులనుకునేవి నిజానికి కాండాలు. తెగిన చోట బెండకాయ జిగురులా సాగుతోంది. పెద్ద ముళ్లతో బాధ లేదు, కనిపిస్తాయి. వాటి మొదట్లో ఉండే నూగు ముళ్లే ప్రాణం తీస్తాయి. పేపర్ మడిచి పట్టుకున్నా రెండు రోజులు వేళ్లు చురుక్కుమన్నాయి.

చీలికలైన అంచులను కత్తితో నున్నగా కోసి, కొట్టంలో నీడకు పది రోజులు ఆరబెట్టాను. కోసిన చోటు అట్టలా గట్టిపడాలి, పచ్చిగా నాటితే కుళ్లుతుంది. తెల్లని దూదిలా పురుగు పట్టిన మూడింటిని పారేశాను. నలిపితే వేలికి కుంకుమలా అంటింది. నాగజెముడును అణచడానికే 1926లో దక్షిణ భారతంలోకి ఈ పురుగును తెచ్చి వదిలారు.

మిగతావి ఎర్రమట్టిలో సగం ఇసుక కలిపి నాటాను. వారం దాకా నీళ్లు పోయలేదు. మా ఆవిడకు ఒకటే టెన్షన్, "నీళ్లు లేకుండ ఏం బతుకుతదయ్యా" అని.

పాత మొదలును కదిలించలేదు. నిన్న చూస్తే దాని మీద గోరంత లేత పచ్చని బుడిపె. ఆ అబ్బాయికి మాత్రం చెప్పలేదు.