పికప్‌కి టైర్లు చూస్తున్నా

ఆల్ టెర్రైన్ (అన్ని రకాల దారులకూ పనికొచ్చే) టైరు గాడిలో వేలు పెడితే గోరు మొత్తం దిగిపోయింది. పక్కనే ఉన్న హైవే టైరులో అంత లోతు లేదు.

చూడగానే మనసు పడిపోయింది. కానీ బండి ఎక్కువగా తిరిగేది తారు రోడ్డు మీదే, మట్టీ కంకరా అప్పుడప్పుడే. అందుకే పెద్ద పెద్ద దిమ్మలున్న మడ్ టైర్ల జోలికి వెళ్లలేదు. ఆ హోరు రోజూ ఎవరు భరిస్తారు!

అసలు సంగతంతా సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీదే ఉంది. సైజు పక్కన 112 అని ఉంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుంది, 121 అయితే 1450. వెనక సామాను వేసే బండికి నేను ముందు చూసేది ఇదే. సైజుకి ముందు ‘ఎల్‌టీ’ (లైట్ ట్రక్ టైరు) అని ఉంటే మాత్రం అంతే బరువుకి గాలి ఎక్కువ కావాలి. పాత లెక్కన కొట్టించేసి వెళ్లిపోకండి, ప్లీజ్.

సైడ్‌వాల్ మీదే ఉండే డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే తయారీ కోడ్) చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.

నేను ఎల్‌టీకే ఫిక్స్ అయ్యా. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక్క చక్రం చుట్టుకొలత తేడా వచ్చినా భారమంతా గేర్ల మీదే పడుతుంది.