620 స్పూలు మీద మూడో రోల్: టేపు దగ్గరే తంటా

పొద్దున్న కడిగిన ఫిల్మ్ రోల్ ఇంకా దండెం మీదే వేలాడుతోంది. పన్నెండు ఫ్రేముల్లో మొదటి మూడూ పోయాయి. మళ్లీ మొదటివే! గంటస్తంభం నిలువునా పడ్డ ఫ్రేమ్ వాటిలోనే ఉంది.

కెమెరా కొడాక్ బ్రౌనీ హాకై ఫ్లాష్. దానికి పట్టే 620 రకం ఫిల్మ్ 1995లోనే ఆగిపోయింది. కాబట్టి అదే వెడల్పుండి, కాస్త పెద్ద స్పూలు (ఫిల్మ్ చుట్టే కండె) మీద దొరికే 120 రకం ఫిల్మ్ ఫోమాపాన్ 100ని చీకట్లో 620 స్పూలుకి ఎక్కిస్తున్నాను. 120 స్పూలు అంచులు అరగదీసి దూర్చే పద్ధతి నాకు నచ్చదు. పొడి కెమెరాలో రాలుతుంది, తిప్పే గాడి కూడా సరిపోదు.

ఫిల్మ్ వెనక వెలుగు ఆపే కాగితం ఉంటుంది, ఫిల్మ్‌ని ఒక చివర మాత్రమే దానికి టేపుతో అంటిస్తారు. మొదటి చుట్టులో అది లోపలికి పోతుంది, రెండో స్పూలుకి తిరిగి చుట్టేటప్పుడు ఆఖరున వస్తుంది. ఈలోగా కాగితమూ ఫిల్మూ సమానంగా జరగవు, టేపు దగ్గర ఫిల్మ్ ఉబ్బుతుంది. మొదటి రోల్‌లో 4 మి.మీ. ఉబ్బుని వేలితో నొక్కేశాను, ఒకటో ఫ్రేమ్ మీద నెలవంక మచ్చ పడింది. రెండో రోల్‌లో టేపు ఊడదీసి అతికిస్తే వంకర పోయింది. ఈసారి తిన్నగానే అంటింది, కానీ రోల్ వదులైంది. లోడ్ చేసేముందు కొలిస్తే కాగితం స్పూలు రేకు అంచు కన్నా అర మి.మీ. పైకి ఉంది. అయినా ఎండలోనే లోడ్ చేశాను.

వెలుగు అప్పుడే దూరింది. అంచుల్లో మసక ఒకటో ఫ్రేమ్‌లో దట్టంగా ఉండి, నాలుగుకి వచ్చేసరికి లేదు. తీశాక దూరి ఉంటే 11, 12 పాడవ్వాలి, అప్పటికి పై చుట్టులో ఉండేవి అవే కదా.

వదులెందుకైందంటే, రాత్రి పదకొండుకి బాత్రూంలో చెమటలు కారుతూ టేపు సర్దుతుంటే అమ్మ తలుపు కొట్టింది. "ఏటిరా, గంట నుంచి ఆ చీకట్లో ఏటి చేస్తన్నావు?" స్విచ్ బయటే ఉంది. ఎక్కడ లైటు వేసేస్తుందోనని టెన్షన్‌తో "అమ్మా, వెయ్యకే!" అంటూ రోల్ మీద పట్టు వదిలేశాను.

మిగతా తొమ్మిదీ బాగా వచ్చాయి, పెద్దచెరువు గట్టు మీదవి మరీ.

వచ్చే రోల్‌కి టేపు సర్దేముందే రబ్బరు బ్యాండు వేస్తాను, లోడింగ్ నీడలోనే. స్విచ్ మీద కాగితం అంటించేశాను. ఇది కుదిరితే ఇంకా సన్నని 127 రకం ఫిల్మ్ వాడే కెమెరా బయటికి తీస్తాను. దానికి ఫిల్మ్ 46 మి.మీ. వెడల్పుకి కోసుకోవాలి. బ్లేడు బిగించే చెక్క దిమ్మ చేసిస్తానని బొబ్బిలిలో వడ్రంగి ఒకాయన మాటిచ్చారు. అది చేతికొస్తే కళింగపట్నం లైట్‌హౌస్‌కే మొదటి రోల్.